స్పార్క్‌లో ఆర్డర్‌బై: వరుస నిలవడం లేదు, ఒక్క టాస్క్ మాత్రం ఎంతకీ తెమలడం లేదు

మిర్చి_పైథాన్, గుంటూరు (ప్రశ్న)

మిర్చి లావాదేవీల డేటా మీద పైస్పార్క్‌తో (పెద్ద డేటాను చాలా మెషీన్లకు పంచి నడిపే స్పార్క్‌ను పైథాన్ నుంచి వాడటం) పని. స్పార్క్ 3.5, యార్న్ (క్లస్టర్ మెషీన్లను పనులకు పంచే సాఫ్ట్‌వేర్) మీద నాలుగు ఎగ్జిక్యూటర్లు (పని చేసే ప్రాసెస్‌లు), ఒక్కోదానికి 4 కోర్లు, 8 జీబీ మెమరీ. ఇన్‌పుట్ 40 జీబీ దాకా ఉన్న సీఎస్‌వీ ఫైళ్లు. తేదీ, లాట్ నంబరు, రకం, టిక్కీలు, తూకం, క్వింటా రేటు, ఊరు, రైతు పేరు, ఇవి కాక ఇంకో ముప్పై కాలమ్‌లు ఉన్నాయి.

కావలసిన వరుస ఇది: ముందు రకం, ఒక రకంలో తేదీ, ఒకే తేదీలో ఎక్కువ రేటు పైన. జరుగుతున్నది వేరు.

మొదట రకం మీద మాత్రమే ఆర్డర్‌బై (సార్ట్ చేసే ఆదేశం) పెట్టి చూశాను. షఫుల్ పార్టిషన్లు (మెషీన్ల మధ్య డేటా మార్పిడి తర్వాత వచ్చే ముక్కలు, ముక్కకో టాస్క్) 200 అని ఇచ్చినా ఆ స్టేజ్‌లో ఎనిమిదో తొమ్మిదో టాస్కులు కనిపించాయి. మిగతావి చకచకా అయిపోతే ఒక్కటి మాత్రం స్పిల్ చేసుకుంటూ (మెమరీ చాలక డిస్క్‌కు రాసుకుంటూ) కూర్చుంది. తర్వాత దాని వెనకే రేటు మీద ఇంకో ఆర్డర్‌బై తగిలించాను. రకం వరుస మొత్తం పోయింది. రేటు వరుస కూడా సరిగా లేదు: పెద్దది ముందు రమ్మంటే తాలు కాయల 9,800 పైన కూర్చుని, తేజ 18,500 కింద ఎక్కడో ఉంది. చిన్నది ముందు రమ్మంటే రేటు రాయని వరుసలన్నీ నెత్తిన వస్తున్నాయి.

ఇంకోటి. సార్ట్ చేసి పార్కేగా (కాలమ్ వారీగా దాచే ఫైల్ ఫార్మాట్) రాసి, మళ్లీ చదివి షో చేస్తే వరుస తారుమారు. ఆడిటర్‌కు ఒక సీజన్ డేటా ఒకే సీఎస్‌వీగా ఇవ్వాలి, డాష్‌బోర్డుకు పార్కే ఇవ్వాలి. ఈ రెంటికీ ఎలా రాయాలి?

---

బెజవాడ_క్లస్టర్

మీ సమస్యలు నాలుగైదు కలగలిసి ఉన్నాయండీ. సార్ట్ దాకా పోకముందు టైపుల సంగతి చూడండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

రేటు కాలమ్ స్ట్రింగ్‌గా చదవబడింది. స్ట్రింగ్‌ను స్పార్క్ బైట్ తర్వాత బైట్ పోల్చి చూస్తుంది. 9 అనే అక్షరం 1 కన్నా పెద్దది, పోలిక అక్కడితో సరి. అందుకే 9,800 ఎక్కి కూర్చుంది. తేదీదీ ఇదే బాపతు. 15-03-2024 అని రోజు ముందున్న స్ట్రింగ్‌ను సార్ట్ చేస్తే అన్ని నెలల ఒకటో తారీకులూ ఒకచోట, రెండో తారీకులన్నీ ఇంకోచోట చేరతాయి.

రేటును నంబరుగా మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. అంకెలూ చుక్కా తప్ప మిగతావన్నీ రెజెక్స్‌తో చెరిపేయమని చాలామంది చెబుతారు. అలా చేయకండి. సెల్‌లో రూ.18,500 అని ఉంటే రూ పోయి చుక్క మిగులుతుంది, .18500 అవుతుంది, డెసిమల్‌గా మారిస్తే 18 పైసల పైచిలుకు. 18500-19000 అని రెండు రేట్లు రాసి ఉంటే రెండూ అతుక్కుని 1850019000 అవుతుంది. కాబట్టి చెరపడం కాదు, ఏరుకోవాలి: రెజెక్స్‌ప్_ఎక్స్‌ట్రాక్ట్‌తో అంకెతో మొదలై అంకెలూ కామాలూ ఉన్న మొదటి ముక్కను తీసుకుని, దానిలో కామాలు తీసేసి, డెసిమల్ 10, 2గా కాస్ట్ చేయండి. రెండు రేట్లు ఉన్నచోట ఇది మొదటిదాన్ని పట్టుకుంటుంది. అది మీకు సమ్మతమో కాదో ముందే తేల్చుకోండి. పైసలు కూడా రాసే అలవాటుంటే నమూనాలో చుక్క తర్వాతి రెండంకెలను చేర్చండి.

స్పార్క్ 3.5లో ఆన్సీ మోడ్ (ఎస్‌క్యూఎల్ ప్రమాణాన్ని కచ్చితంగా పాటించే పద్ధతి) డీఫాల్ట్‌గా ఆఫ్. కాస్ట్ కుదరని విలువ చప్పుడు లేకుండా నల్ (విలువ లేని ఖాళీ) అయిపోతుంది. స్పార్క్ 4లో అది డీఫాల్ట్‌గా ఆన్, అదే కాస్ట్ ఎర్రర్ కొట్టి జాబ్ ఆగిపోతుంది. రేపు వెర్షన్ మార్చినా కోడ్ నడవాలంటే ఇప్పుడే ట్రై_కాస్ట్ రాసుకోండి. మార్చాక ఒక లెక్క తప్పనిసరి: అసలు కాలమ్‌లో ఏదో ఉండి, మార్చిన కాలమ్‌లో నల్ అయినవి ఎన్ని? ఆ వరుసలు బయటికి తీసి చూడండి. ఆ లెక్క సున్నా అయ్యేదాకా, లేదా ఎందుకు కాలేదో తెలిసేదాకా సార్ట్ జోలికి పోకండి.

తేదీకి టు_డేట్ వాడండి, ప్యాటర్న్‌లో నెలకు పెద్ద ఎం. చిన్న ఎం అంటే నిమిషాలు. చిన్న ఎం రాస్తే ఎర్రర్ రాదు, అదే దాని ప్రమాదం. నెల దొరకలేదు కాబట్టి అన్ని తేదీలూ జనవరికి వెళ్లిపోతాయి. ఇంకోటి, 05-03-2024తో పాటు 5-3-2024 అని కూడా ఉంటే రోజుకూ నెలకూ రెండక్షరాల ప్యాటర్న్ పనిచేయదు. ఒక్కో అక్షరమే రాస్తే రెండు రూపాలనూ చదువుతుంది.

ఖాళీ రేట్లు పైకి రావడం తప్పు కాదు, స్పార్క్ నియమం. చిన్నది ముందు అన్నప్పుడు నల్స్ మొదట, పెద్దది ముందు అన్నప్పుడు నల్స్ చివర. మార్చాలంటే కాలమ్ మీద ఆస్క్_నల్స్_లాస్ట్, డెస్క్_నల్స్_ఫస్ట్ ఉన్నాయి. డబుల్ టైప్ వాడితే నాన్ (NaN, నంబరు కాని విలువ) కూడా గుర్తుంచుకోండి. అది అన్ని నంబర్ల కన్నా పెద్దదిగా లెక్క, డెస్క్‌లో నెత్తినెక్కుతుంది, నల్స్ లాస్ట్ అన్నా కదలదు. రేట్లకు డెసిమల్ వాడమనేది అందుకు కూడా.

రెండు ఆర్డర్‌బైల సంగతి: రెండోది మొదటిదాన్ని కొట్టేస్తుంది. ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోవడానికి స్పార్క్ సార్ట్ స్టేబుల్ కాదు (సమానమైన వాటి పాత వరుసను నిలపదు). పైగా ఆప్టిమైజర్ మొదటి సార్ట్‌ను ప్లాన్‌లోంచే తీసేస్తుంది. మూడు కాలమ్‌లూ ఒకే ఆర్డర్‌బైలో ఇవ్వండి: రకం ఆస్క్, తేదీ ఆస్క్, రేటు డెస్క్. పైథాన్‌లో అసెండింగ్ ఈక్వల్ టు ఫాల్స్ అని ఒక్కటే ఇస్తే అన్ని కాలమ్‌లకూ వర్తిస్తుంది. వేర్వేరుగా కావాలంటే లిస్ట్‌గా ఇవ్వాలి, లేదా ఒక్కో కాలమ్ మీద డెస్క్ అనాలి. ఎస్‌క్యూఎల్‌లో దీనికి తిరగేసి: రకం, తేదీ, రేటు డెస్క్ అని రాస్తే ఆ డెస్క్ చివరి రేటుకు మాత్రమే. ఎస్‌క్యూఎల్‌లోనే ఇంకో గుంట ఉంది. ఆర్డర్ బై తర్వాత కాలమ్ పేరును సింగిల్ కోట్స్‌లో పెడితే అది కాలమ్ కాదు, ఒక స్థిర స్ట్రింగ్. ఎర్రరూ రాదు, సార్టూ జరగదు.

---

అరండల్‌పేట_షఫుల్

టైపులు పైన చెప్పేశారు కాబట్టి ఆ ఒక్క టాస్క్ గురించి.

ఆర్డర్‌బై అంటే మొత్తం డేటాకు ఒకే వరుస. నాలుగు మెషీన్లలో ఉన్న వరుసలకు అది రావాలంటే స్పార్క్ ముందు విలువల శ్రేణులుగా హద్దులు గీస్తుంది, ప్రతి వరుసనూ దాని శ్రేణి పార్టిషన్‌కు పంపుతుంది, తర్వాత పార్టిషన్ లోపల సార్ట్ చేస్తుంది. సున్నా పార్టిషన్‌లోని చివరి వరుస ఒకటో పార్టిషన్‌లోని మొదటిదాని కన్నా పెద్దది కాకూడదు, అంతే షరతు. ఎక్స్‌ప్లెయిన్‌లో (స్పార్క్ తన ప్లాన్ చూపించే ఆదేశం) ఎక్స్ఛేంజ్ రేంజ్‌పార్టిషనింగ్ అని కనిపించేది ఇదే.

హద్దులు ఎక్కడ గీయాలో తెలియాలంటే డేటాలో కొంత శాంపిల్ చూడాలి. ఒక్కో అవుట్‌పుట్ పార్టిషన్‌కు 100 నమూనాలు డీఫాల్ట్. ఈ శాంప్లింగ్ వేరే జాబ్‌గా నడుస్తుంది. యూఐలో ఒక్క ఆర్డర్‌బైకి సోర్స్ రెండుసార్లు చదివినట్టు కనిపించేది దీనివల్లే. ఆర్డర్‌బైకి ముందు బరువైన పైథాన్ యూడీఎఫ్ (మనం రాసుకున్న ఫంక్షన్) ఉంటే అదీ రెండుసార్లు నడుస్తుంది. సీఎస్‌వీకి ఇన్ఫర్‌స్కీమా (కాలమ్ టైపులను స్పార్కే ఊహించే ఆప్షన్) కూడా పెట్టి ఉంటే మూడోసారి చదవడం దానికి అదనం. అందుకని స్కీమా చేత్తో రాసి ఇవ్వండి, శుభ్రం చేసిన డేటాను ఒకసారి పార్కేగా రాసుకుని, సార్ట్‌ను ఆ పార్కే మీద చేయండి. 40 జీబీకి క్యాష్ చేద్దామనుకోకండి, మీ మెమరీ చాలదు.

ఇప్పుడు మీ తొమ్మిది టాస్కులు. హద్దులు గీసేది సార్ట్ కీ విలువల మధ్య. ఒకే విలువను రెండు ముక్కలు చేసే హద్దు ఉండదు. రకం కాలమ్‌లో తేజ, బాడిగ, 334, 341, తాలు ఇలా ఏడెనిమిది విలువలే ఉంటే, 200 అడిగినా అన్నే హద్దులు, ఇంచుమించు అన్నే పార్టిషన్లు. తేజ వరుసలన్నీ ఒకే టాస్క్ నెత్తిన పడ్డాయి. 16 కోర్లలో ఒకటి పనిచేస్తూ మిగతావి చూస్తూ కూర్చున్నాయి.

మందు చిన్నదే, పైగా మీకు ఎలాగూ కావలసినదే. మూడు కాలమ్‌లూ ఒకే ఆర్డర్‌బైలో ఇచ్చినప్పుడు హద్దులు మూడింటి కలయిక మీద గీస్తారు. తేజలో జనవరి మూడో వారం దాకా ఒక పార్టిషన్, అక్కడి నుంచి ఇంకోటి, అలా తేజ ముక్కలవుతుంది. చివర లాట్ నంబరు కూడా చేర్చండి. ఒకే రకం, ఒకే తేదీ, ఒకే రేటు ఉన్న వరుసలు ఏ రన్‌కు ఆ రన్ వేరే వరుసలో రావచ్చు. విశిష్టమైన కాలమ్ ఒకటి చివర ఉంటే ఫలితం ఎప్పుడూ ఒకటే. ఆడిటర్‌కు వెళ్లే ఫైలు నిన్నటిదీ ఇవాళ్టిదీ డిఫ్ కొడితే తేడా రాకూడదు కదా.

సాల్టింగ్ చేయమని ఎవరైనా అంటే వినకండి. కీకి ర్యాండమ్ అంకె తగిలించడం జాయిన్‌కు, గ్రూప్‌బైకి పనికొచ్చే చిట్కా. సార్ట్‌లో అది వరుసనే చెడగొడుతుంది. అడాప్టివ్ ఎగ్జిక్యూషన్‌లోని (నడుస్తుండగానే ప్లాన్ సర్దుకునే సదుపాయం) స్క్యూ జాయిన్ సెట్టింగ్ కూడా ఇక్కడ పనిచేయదు, దాని పేరులోనే జాయిన్ ఉంది. అడాప్టివ్ మీకు సాయపడేది ఇంకోచోట: 3.2 నుంచి డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, షఫుల్ తర్వాత చిన్న పార్టిషన్లను పక్కపక్కవి కలిపి 64 ఎంబీ దరిదాపుకు తెస్తుంది. పక్కవాటినే కలుపుతుంది కాబట్టి వరుస చెడదు. అందువల్ల షఫుల్ పార్టిషన్లు కొంచెం ఎక్కువే ఇచ్చినా నష్టం లేదు. మీ 40 జీబీకి 400 ఇవ్వండి, ఒక్కోటి 100 ఎంబీ చొప్పున పడుతుంది.

మెమరీ లెక్క చెప్తా, అది తెలిస్తే అంకెలు మీరే వేసుకోవచ్చు. 8 జీబీ హీప్‌లో (ఎగ్జిక్యూటర్ మెమరీ) 300 ఎంబీ పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 0.6 వంతు ఎగ్జిక్యూషన్, స్టోరేజ్‌లకు కలిపి ఇస్తుంది. అంటే 4.6 జీబీ పైచిలుకు. నాలుగు కోర్లు నాలుగు టాస్కులను ఒకేసారి నడుపుతాయి కాబట్టి ఒక్కో టాస్క్‌కు గరిష్ఠంగా 1.15 జీబీ. 100 ఎంబీ సీఎస్‌వీ వరుసలు మెమరీలో విప్పుకుని రెండు మూడింతలైనా ఇందులో పట్టేస్తాయి. తేజ మొత్తాన్ని ఒకే టాస్క్ మోసినప్పుడు పట్టలేదు, అందుకే డిస్క్‌కు స్పిల్ చేస్తూ పోయింది. స్పిల్ తప్పేమీ కాదు, ఆ మాటకొస్తే స్పార్క్ సార్ట్ ఔట్ ఆఫ్ మెమరీతో పడిపోకుండా కాపాడేది అదే. ఒకే టాస్క్‌లో పోగవడమే జబ్బు.

ఇంకో మాట. షఫుల్‌లో కదిలేది సార్ట్ కాలమ్‌లు మాత్రమే కాదు, మొత్తం వరుస. ఆ ముప్పై కాలమ్‌లలో అవుట్‌పుట్‌కు అక్కర్లేనివి ఉంటే ఆర్డర్‌బైకి ముందే సెలెక్ట్‌తో వదిలించుకోండి. ఏ సెట్టింగ్ మార్చినా ఇంత లాభం రాదు.

స్పార్క్ సార్ట్‌లో నెమ్మది అని ఎవరైనా అంటే నమ్మకండి. 2014లో 100 టీబీ డేటాను 206 మెషీన్ల మీద 23 నిమిషాల్లో సార్ట్ చేసి గ్రేసార్ట్ (సార్ట్ వేగం పోటీ) రికార్డు పట్టుకుపోయింది. అంతకుముందు ఏడాది హడూప్‌కు 2100 మెషీన్లూ 72 నిమిషాలూ పట్టాయి.

---

మిర్చి_పైథాన్

నాలుగు కాలమ్‌లూ ఒకే ఆర్డర్‌బైలో పెట్టాక టాస్కులు అన్నీ ఇంచుమించు ఒకే సైజుకు వచ్చాయి, చాలా థ్యాంక్సండీ. రేటులో రూ. ఉన్న సెల్స్ నిజంగానే ఉన్నాయి, చుక్క గురించి చెప్పకపోతే దొరికేవి కావు.

కానీ ఇప్పుడు కొన్ని టాస్కులు డిస్క్‌లో చోటు లేదనే ఎర్రర్‌తో ఫెయిల్ అవుతున్నాయి. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో (క్లస్టర్ ఉమ్మడి ఫైల్ స్టోరేజ్) బోలెడు ఖాళీ ఉంది మరి. ఫైల్ రాయడం సంగతి కూడా ఇంకా తేలలేదు.

---

అరండల్‌పేట_షఫుల్

నిండింది హెచ్‌డీఎఫ్‌ఎస్ కాదండీ, ఎగ్జిక్యూటర్ నడిచే మెషీన్ లోకల్ డిస్క్. షఫుల్ ఫైళ్లూ స్పిల్ ఫైళ్లూ రెండూ అక్కడే పడతాయి. యార్న్ మీద ఆ చోటు నోడ్‌మేనేజర్ లోకల్ డైరెక్టరీల సెట్టింగ్ నుంచి వస్తుంది, స్పార్క్ లోకల్ డైరెక్టరీ సెట్టింగ్ అక్కడ చెల్లదు. అది చిన్న రూట్ డిస్క్‌కు చూపిస్తూ ఉంటే పెద్ద డిస్క్‌కు మార్పించండి. ఒకే నోట్‌బుక్ సెషన్‌లో పొద్దుట్నుంచీ సార్ట్‌లు నడుపుతూ ఉంటే పాత షఫుల్ ఫైళ్లు కూడా పోగవుతాయి. వాటిని పట్టుకున్న డేటాఫ్రేములు డ్రైవర్‌లో (మీ కోడ్ నడిచే ప్రధాన ప్రాసెస్) బతికి ఉన్నంతకాలం అవి చెరగవు. సెషన్ ఆపి కొత్తది తెరిస్తే పోతాయి, ముందు అది చేసి చూడండి.

---

పటమట_పార్కే

రాయడం గురించి నేను చెప్తా.

సార్ట్ చేసి రాసినప్పుడు పార్టిషన్‌కు ఒక ఫైల్ వస్తుంది. పేరులో పార్ట్-00000, 00001 అని ఉండే అంకె పార్టిషన్ వరుసే. ఆ వరుసలో ఫైళ్లు తెరిస్తే మీ సార్ట్ చెక్కుచెదరకుండా ఉంటుంది. చెడేది చదివేటప్పుడు. స్పార్క్ ఫైళ్లను పేరు వరుసలో చదవదు. సైజు పెద్దవి ముందు పెట్టుకుని, 128 ఎంబీ పార్టిషన్లుగా సర్దుకుంటుంది. ఒక ఫైల్ లోపలి వరుస మిగులుతుంది, ఫైళ్ల మధ్య వరుస మిగలదు. టేబుల్‌గా సేవ్ చేసినా అంతే. చదివినవాడికి వరుస కావాలంటే చదివినవాడే ఆర్డర్‌బై రాసుకోవాలి. వేరే దారి లేదు, వెతక్కండి.

మరి డాష్‌బోర్డు పార్కేను సార్ట్ చేసి రాయడం దండగా? కాదు, కానీ లాభం వేరేచోట. పార్కే ఫైల్‌లో ప్రతి రో గ్రూప్‌కూ (కొన్ని వరుసల కట్ట) ఒక్కో కాలమ్ కనిష్ఠ, గరిష్ఠ విలువలు రాసి ఉంటాయి. తేదీ వరుసలో ఉన్న ఫైల్‌లో మార్చి నెల అడిగితే, మార్చి లేని రో గ్రూపులను తెరవకుండానే దాటేస్తుంది. ఒకే రకం విలువలు పక్కపక్కన చేరడం వల్ల కంప్రెషన్ కూడా బాగా పడుతుంది. దీనికి మొత్తం డేటాకు ఒకే వరుస అక్కర్లేదు, ప్రతి ఫైల్ లోపల వరుస ఉంటే చాలు. అంటే ఆర్డర్‌బై బదులు రీపార్టిషన్‌బైరేంజ్ రకం, తేదీల మీద, ఆ తర్వాత సార్ట్‌వితిన్‌పార్టిషన్స్. ఆర్డర్‌బై లోపల జరిగేదీ ఇంచుమించు ఇదే. తేడా ఏమంటే ఇక్కడ ఫైళ్ల సంఖ్య మీ చేతిలో ఉంటుంది. రీపార్టిషన్‌బైరేంజ్‌కు అంకె ఇస్తే అడాప్టివ్ దాన్ని కలపదు, మీరు అడిగినన్నే వస్తాయి.

రకం వారీగా ఫోల్డర్లు చేయాలనుకుంటే, అంటే రాసేటప్పుడు పార్టిషన్‌బై రకం పెడితే, ఒక కిటుకు ఉంది. రాసేవాడు తనకు రకం వారీగా వరుసలు కావాలనుకుంటాడు. మీ సార్ట్ రకంతో మొదలవకపోతే రకం మీద తనే ఇంకో సార్ట్ వేస్తాడు, మీ తేదీ వరుస అందులో కలిసిపోతుంది. కాబట్టి సార్ట్‌వితిన్‌పార్టిషన్స్‌లో ఫోల్డర్ కాలమ్ ముందు, తేదీ తర్వాత. ఏడెనిమిది రకాలకు ఫోల్డర్లు సరే. తేదీకి కూడా ఫోల్డర్ పెట్టకండి, వేల కొద్దీ చిన్న ఫైళ్లు తయారై సార్ట్ వల్ల వచ్చే లాభం అంతా మింగేస్తాయి.

ఆడిటర్ ఫైల్‌కు ఆర్డర్‌బై చేసి చివర కొయలెస్ 1 పెట్టేయండి, ఒకే ఫైల్ వస్తుంది.

---

బెజవాడ_క్లస్టర్

పటమట గారూ, పార్కే గురించి చెప్పినదంతా ఒప్పుకుంటా, ఆ చివరి వాక్యం తప్ప.

ఆర్డర్‌బై తర్వాత కొయలెస్ 1 అంటే షఫుల్ లేకుండా పార్టిషన్లను కలపడం. దాంతో సార్ట్ జరగాల్సిన స్టేజ్ మొత్తం ఒకే టాస్క్ అయిపోతుంది. శాంప్లింగ్ చేసి, హద్దులు గీసి, 400 ముక్కలుగా పంచి, ఆ 400 ముక్కలనూ ఒకే కోర్ ఒకదాని తర్వాత ఒకటి సార్ట్ చేస్తుంది. వరుస సాధారణంగా దక్కుతుంది, కానీ కొయలెస్ పార్టిషన్లను ఏ క్రమంలో కలుపుతుందో డాక్యుమెంటేషన్ హామీ ఇవ్వదు. రీపార్టిషన్ 1 పెడితే ఇంకా దారుణం, అది మళ్లీ షఫుల్, ముక్కలు ఎవరు ముందొస్తే వాళ్లదే చోటు, సార్ట్ గాలికి పోతుంది.

ఒకే ఫైల్ కావాలంటే తిరగేయండి. ముందు ఫిల్టర్, సెలెక్ట్, తర్వాత రీపార్టిషన్ 1, ఆ తర్వాత సార్ట్‌వితిన్‌పార్టిషన్స్, రాయడం. చదవడం, ఫిల్టర్ చేయడం అన్ని కోర్ల మీద జరుగుతాయి, సార్ట్ మాత్రం ఒక టాస్క్. ఒక సీజన్ డేటా రెండు మూడు జీబీ అయితే ఇది హాయిగా నడుస్తుంది, స్పిల్ అయినా ఫరవాలేదు.

అంతకన్నా పెద్దదైతే ఆర్డర్‌బైతో ఎన్ని ఫైళ్లొస్తే అన్ని రాసి, హెచ్‌డీఎఫ్‌ఎస్ గెట్‌మెర్జ్ కమాండ్‌తో కలపండి. పేరు వరుసలోనే కలుపుతుంది. హెడర్ ఆప్షన్ మాత్రం ఆఫ్ చేయాలి, లేకపోతే ప్రతి ముక్క మొదట్లో కాలమ్ పేర్ల వరుస ఉండి ఫైల్ మధ్యమధ్య తేలుతుంది. హెడర్ ఒక్క లైన్ విడిగా రాసి ముందు అతికించండి.

ఆడిటర్ ఎక్సెల్‌లో తెరుస్తారా అని కూడా అడగండి. ఒక షీట్‌లో 10,48,576 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి లోడ్ కావు. మించేట్టుంటే నెలకో ఫైల్ ఇవ్వడమే మంచిది. ఒకే ఫైల్ అనే పట్టుదల చాలాసార్లు ఎవరికీ అక్కర్లేనిది.

---

పటమట_పార్కే

కొయలెస్ విషయం మీరన్నదే సరి. చిన్న డేటాకు అలవాటుగా వాడేస్తాం, ఇక్కడ కుదరదు.

---

మిర్చి_పైథాన్

రీపార్టిషన్ 1, ఆ తర్వాత సార్ట్‌వితిన్‌పార్టిషన్స్‌తో సీజన్ ఫైల్ వచ్చేసింది. ఇంకో మూడు అడగాలి. ఆడిటర్‌కు వరుస సంఖ్య కాలమ్ కావాలట, 1, 2, 3 అని. ఊరి పేరు మీద కూడా ఒక సార్ట్ ఇవ్వాలి, ఊళ్లు తెలుగులో ఉన్నాయి, కొన్ని ఇంగ్లిష్‌లో. స్పార్క్ తెలుగు అక్షరక్రమం పాటిస్తుందా? మూడోది, ఒకే లాట్ రెండుసార్లు ఎక్కింది కొన్నిచోట్ల, చివరిగా ఎక్కించినదే ఉంచాలి. ఎక్కించిన సమయం మీద డెస్క్ సార్ట్ చేసి డ్రాప్‌డూప్లికేట్స్ లాట్ నంబరు మీద పెడితే సరిపోతుందా?

---

కృష్ణలంక_యూనికోడ్

తెలుగు సంగతి నాది.

స్పార్క్ 3.5లో స్ట్రింగ్ పోలిక అంటే యూటీఎఫ్-8 బైట్ల పోలిక, అది యూనికోడ్ సంఖ్యల క్రమంతో సమానం. తెలుగుకు ఇది మీరు భయపడినంత అన్యాయంగా ఉండదు. యూనికోడ్‌లో మన అక్షరాలు అ నుంచి ఔ, క నుంచి హ దాదాపు వర్ణమాల క్రమంలోనే ఉన్నాయి. గుణింతాల గుర్తులు హల్లుల తర్వాత, వాటికీ తర్వాత పొల్లు. అందువల్ల పెదకాకాని, పొన్నూరు, ప్రత్తిపాడు ఆ వరుసలోనే వస్తాయి, ఒత్తు ఉన్నది చివర. తాడికొండ, తుళ్లూరు, తెనాలి కూడా అంతే. సున్నా (ం) యూనికోడ్ సంఖ్య అచ్చుల కన్నా ముందుంది కాబట్టి మంగళగిరి మాచర్లకు ముందు వస్తుంది. ళ ల పక్కన, ఱ ర పక్కన ఉండటం మాత్రం బడిలో చదివిన క్రమానికి కొంచెం తేడా. ఆడిటర్ ఆ లోతుకు వెళ్లరు.

నిజమైన తలనొప్పి కంటికి కనిపించని వాటితో. పేరు ముందు ఖాళీ ఉంటే అది ఏ అక్షరం కన్నా ముందు, ఆ ఊరు పట్టిక నెత్తినెక్కుతుంది. పొల్లు తర్వాత కలవకుండా ఆపడానికి వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ 200సీ, తెలుగు అక్షరాలన్నింటి కన్నా పెద్దది. అదున్న పేరూ లేని పేరూ చూడటానికి ఒకేలా ఉండి వేర్వేరు చోట్ల పడతాయి, గ్రూప్‌బైలో కూడా రెండు ఊళ్లుగా లెక్కకొస్తాయి. ఇక ఐత్వం గుర్తును ఒకే కోడ్‌గా, అంటే 0సీ48గా రాయొచ్చు, 0సీ46, 0సీ56 అని రెండుగానూ రాయొచ్చు. ఏ కీబోర్డు, ఏ కన్వర్టర్ ఏది రాస్తుందో చెప్పలేం. పాత ఫాంట్ల నుంచి మార్చిన డేటా అయితే తప్పక చూడండి.

అందుకని ఊరి కాలమ్‌ను ముట్టుకోకుండా సార్ట్‌కు విడిగా ఒక కీ కాలమ్ చేయండి. ముందు ట్రిమ్, తర్వాత 200బీ, 200సీ, 200డీ అక్షరాలు తీసేయడం, తర్వాత ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే గుర్తుకు ఉన్న రెండు రూపాలను ఒకటిగా చేయడం). చివరిదానికి స్పార్క్ 3.5లో సిద్ధంగా ఫంక్షన్ లేదు, పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో చిన్న పాండాస్ యూడీఎఫ్ రాసుకోవాలి. ఆ కీ మీద సార్ట్ చేసి, తర్వాత డ్రాప్ చేసేయండి. డ్రాప్ వల్ల వరుస చెడదు. అవుట్‌పుట్‌లో మాత్రం అసలు పేరే ఉంచండి, నాన్ జాయినర్ తీసేస్తే చూపులో కొన్ని పేర్ల పొల్లు ఒత్తుగా మారిపోతుంది.

ఇంగ్లిష్ పేర్లు తెలుగుకు ముందు వస్తాయి, వాటిలోనూ పెద్దక్షరాలన్నీ అయ్యాకే చిన్నక్షరాలు. లోయర్ పెడితే పెద్దా చిన్నా గొడవ తీరుతుంది కానీ ఇంగ్లిష్ తెనాలి, తెలుగు తెనాలి పక్కపక్కన రావు. దానికి ఊళ్ల పట్టిక ఒకటి తయారు చేసి జాయిన్ చేసుకోవడమే. ఊళ్లు కొన్ని వందలే కాబట్టి బ్రాడ్‌కాస్ట్ అవుతుంది (పట్టిక మొత్తం ప్రతి ఎగ్జిక్యూటర్‌కూ వెళ్తుంది). ఈ జాయిన్ సార్ట్‌కు ముందు జరగాలి. స్పార్క్ 4లో కొలేషన్లు వచ్చాయి, స్ట్రింగ్ కాలమ్‌కు యూనికోడ్ నియమాల క్రమం ఎంచుకోవచ్చు. అప్పుడు కూడా లిపి మారిన పేర్లను అది కలపదు.

---

అరండల్‌పేట_షఫుల్

మిగిలిన రెండూ.

వరుస సంఖ్యకు విండోతో (వరుసల గుంపు మీద లెక్క వేసే పద్ధతి) రో_నంబర్ వాడి పార్టిషన్‌బై లేకుండా ఆర్డర్‌బై ఇస్తే సరైన జవాబే వస్తుంది, కానీ డేటా మొత్తాన్ని ఒకే పార్టిషన్‌కు తరలిస్తున్నానని లాగ్‌లో హెచ్చరిక కూడా వస్తుంది. మీ సీజన్ ఫైల్ ఎలాగూ ఒకే పార్టిషన్ కాబట్టి అక్కడ ఫరవాలేదు. 40 జీబీ మీద చేయకండి. మోనోటోనికల్లీ_ఇంక్రీజింగ్_ఐడీ పేరు చూసి మోసపోకండి. పెరుగుతూ పోతుంది నిజమే, కానీ పార్టిషన్ నంబరును పై బిట్లలో పెట్టి, కింది 33 బిట్లలో వరుసలు లెక్కిస్తుంది. మొదటి పార్టిషన్ 0 నుంచి, రెండోది ఏకంగా 8589934592 నుంచి. ఆడిటర్ గుండె ఆగుతుంది. పెద్ద డేటాకు వరుస సంఖ్య కావాలంటే ఆర్డర్‌బై చేసిన డేటాఫ్రేమ్‌ను ఆర్‌డీడీగా (డేటాఫ్రేమ్ కింద ఉండే స్పార్క్ మూల రూపం) తీసుకుని జిప్‌విత్‌ఇండెక్స్. ముందు ఒక జాబ్‌తో పార్టిషన్‌కు ఎన్ని వరుసలో లెక్కపెట్టుకుని, ఆ తర్వాత ఖాళీలు లేకుండా అంకెలు వేస్తుంది. 0 నుంచి మొదలవుతుంది, 1 కలుపుకోండి.

డూప్లికేట్లకు మీరు చెప్పిన పద్ధతి చిన్న డేటా మీద పనిచేసినట్టు కనిపిస్తుంది, అందుకే చాలా కోడ్‌లో పాతుకుపోయింది. డ్రాప్‌డూప్లికేట్స్ లోపల జరిగేది గ్రూపింగ్, దానికి మళ్లీ షఫుల్. మీ సార్ట్ అక్కడితో చెల్లు, ఏ వరుస మిగులుతుందో ఎవరూ మాట ఇవ్వరు. సార్ట్ చేసి గ్రూప్‌బైలో కలెక్ట్_లిస్ట్, ఫస్ట్ వాడటం కూడా ఇదే కోవ. విండో వాడండి: పార్టిషన్‌బై లాట్ నంబరు, ఆర్డర్‌బై ఎక్కించిన సమయం డెస్క్, రో_నంబర్ 1 ఉన్నవి మాత్రమే ఫిల్టర్. ఇక్కడ పార్టిషన్‌బై ఉంది కాబట్టి పని అన్ని కోర్లకూ పంచబడుతుంది. లాట్ నంబర్లు ప్రతి రోజూ 1 నుంచి మొదలయ్యేట్టయితే పార్టిషన్‌బైలో తేదీ కూడా చేర్చాలి, లేకపోతే సీజన్ మొత్తానికి లాట్ 1 ఒక్కటే మిగులుతుంది.

ఈ పనంతా అయ్యాకే చివరి ఆర్డర్‌బై. విండో, జాయిన్, డిస్టింక్ట్, గ్రూప్‌బై ఏది దాని తర్వాత వచ్చినా వరుస మీద ఆశ వదులుకోవడమే. సెలెక్ట్, ఫిల్టర్, విత్‌కాలమ్ వస్తే ఇబ్బంది లేదు.

---

మిర్చి_పైథాన్

మా లాట్ నంబర్లు రోజూ 1 నుంచే. తేదీ చేర్చాను.